సముద్రం పడమరకి మారిన ఆదివారం

ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చి ఇంకా రంగు మాయని ఆ కాలంలో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఏదైనా తెలియకపోతే దాని మీద ఒక జాబితా రాసేవాణ్ణి. రాశాక తెలిసినట్టే ఉండేది. ఇంటి సరుకుల జాబితా మా అమ్మ రాస్తే, దాన్ని నేను బరువైనవి ముందు, పగిలేవి చివర వచ్చేలా తిరగరాసి ఇచ్చేవాణ్ణి. (ఆవిడ నా కాగితాన్ని పోపుడబ్బా కింద భద్రంగా పెట్టి, తన కాగితంతోనే కొట్టుకి వెళ్ళేది.) మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికొచ్చి గాజువాకలో స్థిరపడ్డ మనిషి. నేను సైరన్లు వింటూ, షిఫ్టు బస్సులు చూస్తూ పెరిగినవాణ్ణి. అంచేత క్రమపద్ధతి అనేది నాకు పుట్టుకతోనే అబ్బిందని గట్టి నమ్మకం. అలాంటి నన్ను, పోర్టులో క్రేన్ల మరమ్మతులు చూసే మా చిన్న కంపెనీ మొట్టమొదటిసారి విదేశానికి పంపింది. ఆ పరాయి ఊళ్ళో కాలినడకన తిరిగిన ఒక్క ఆదివారం నా నమ్మకాన్ని ఏం చేసిందో ఇప్పుడు చెప్పుకున్నా నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

మేం వెళ్ళింది నలుగురం. మా క్రేన్ ఒకదానికి కొత్త మోటార్లు అక్కడ తయారవుతుంటే, వాటిని అక్కడే తిప్పి చూసి 'సరే' అనడం మా పని. నాయకుడు పెద్దసారు. కృష్ణా జిల్లా మనిషే గానీ, ముప్ఫై ఏళ్ళుగా విశాఖలో క్రేన్ల కింద నిలబడి పైనున్నవాళ్ళతో మాట్లాడి మాట్లాడి, ఎదురుగా ఉన్నవాళ్ళతో కూడా గడ్డం పైకెత్తే మాట్లాడేవారు. రెండో ఆయన భాయ్. వన్‌టౌన్‌లో తాతల నాటి ఇనప సామాను కొట్టున్న కుటుంబం నుంచి వచ్చిన మెకానికల్ ఇంజినీరు, నెమ్మదస్తుడు. మూడోవాడు బావ. నాకు ఏ వరసా కాదు. మా వైపు మగవాళ్ళు బావా అని పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు, పక్కపక్కన నిలబడితే చాలు. బావది భీమిలి. ఎలక్ట్రికల్ పని బాగా తెలిసినవాడు. నడకంటే మాత్రం గిట్టదు. నాలుగోవాణ్ణి నేను. కాగితాలంటే నాకు ప్రాణమని కనిపెట్టి పెద్దసారు నలుగురి పాస్‌పోర్టులూ నాకే అప్పగించారు. వాటిని గుడ్డ సంచిలో పెట్టి, చొక్కా కింద నడుముకి కట్టుకుని, స్నానానికి తప్ప విప్పేవాణ్ణి కాదు. (అప్పుడు కూడా తలుపు కొక్కేనికి, కళ్ళెదురుగా.)

ఊరి పేరు ట్రియెస్తే. ఇటలీకి ఈశాన్య మూలన, కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. పోర్టుంది, క్రేన్లున్నాయి, కొండ మీద ఇళ్ళున్నాయి, రోడ్లన్నీ ఎక్కడమో దిగడమో తప్ప చదునుగా ఉండవు. వ్యాన్‌లోంచి మొదటిసారి చూసినప్పుడు బావ ఒకటే మాటన్నాడు: "ఇదేటి, మన ఊరికే పెయింటేసి సూపిత్తన్నారా?" వారమంతా ఫ్యాక్టరీకీ హోటల్‌కీ మధ్య వ్యాన్‌లో తిరగడంతోనే సరిపోయింది. పని ముగిసింది శనివారం. ఆదివారం రాత్రి విమానం. సాయంత్రం ఐదింటికి మమ్మల్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళే వ్యాను వస్తుంది. అంటే మధ్యలో ఒక పగలంతా నాదే. శనివారం పడుకునేముందే నేను జాబితా రాసేశాను.

ఇక్కడ ఒక సాంకేతిక వివరం చెప్పాలి, కథంతా దీని మీదే నడుస్తుంది. భాయ్, నేను ఒకే గదిలో ఉన్నాం. మా కిటికీలోంచి సముద్రం కనిపించేది. ఆ ఉదయం నేను కళ్ళు తెరిచేసరికి భాయ్ కిటికీకి వీపు పెట్టి నమాజు చేసుకుంటున్నాడు. విశాఖలో నమాజు పడమటి ముఖంగా చేస్తారని చిన్నప్పట్నుంచీ చూస్తున్నవాణ్ణి. కాబట్టి భాయ్ ముఖం ఉన్నది పడమర. వీపు ఉన్నది తూర్పు. వీపు వైపే సముద్రం. కాబట్టి ఇక్కడ కూడా సముద్రం మన ఊళ్ళోలాగే తూర్పున! మంచం మీద పడుకునే, దిక్సూచి లేకుండా, ఫోను ముట్టుకోకుండా తేల్చేసినందుకు నన్ను నేను చాలా మెచ్చుకున్నాను. భాయ్‌ని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. లెక్క సరిపోయాక అడగడమెందుకు?

ఫలహారం దగ్గర పెద్దసారు గడ్డం పైకెత్తారు. "ఏమయ్యా, ఎటెళ్తున్నారో చెప్పి వెళ్ళండి. ఐదింటికి వ్యాను గుమ్మం ముందుంటుంది. మీకోసం విమానం ఆగదు."

"సముద్రం వెంబడి ఉత్తరానికి వెళ్తాం సార్. కోట ఉన్న కొండెక్కి, దిగి, దక్షిణానికి తిరిగొచ్చేస్తాం. మ్యాపు కూడా అవసరం లేదు, సార్. విశాఖలో పుట్టినవాడికి సముద్రం ఉన్న ఊళ్ళో మ్యాపెందుకు?"

పెద్దసారు తృప్తిగా తలూపారు. భాయ్ జలుబు చేసిందని గదిలోనే ఉంటానన్నాడు. బావ కూడా ఉండిపోదామని చూశాడు గానీ, నేను స్వెట్టర్ తొడిగి లాక్కుపోయాను.

ఆ ఉదయం గురించి ఎంత రాసినా తక్కువే. ఆకాశం మబ్బు పట్టి ఉంది. సముద్రం సీసం రంగులో, కదలకుండా, ఎవరో ఇస్త్రీ చేసి పరిచినట్టుంది. మా బీచ్ మీద కెరటాల హోరుకి అలవాటు పడ్డ చెవులకి ఆ నిశ్శబ్దం కొత్త. సముద్రం మా కుడి చేతివైపు. అంటే బీచ్ రోడ్డులో భీమిలి వెళ్తున్నట్టే. అదే మాట బావకి చెబితే, "అయితే ఇలాగే పోతే మా ఇల్లొచ్చేత్తాది, అమ్మ అన్నం పెట్టేత్తాది" అని హుషారుగా నాలుగడుగులు వేశాడు. ఇల్లు రాలేదు గానీ ఒక కాలవ వచ్చింది. సముద్రాన్ని ఊళ్ళోకి పిలిచి కూర్చోబెట్టినట్టు, మేడల మధ్యకి వచ్చి ఆగిపోయిన కాలవ, అందులో చిన్న పడవలు. దాని తర్వాత మూడు వైపులా రాజభవనాల్లాంటి మేడలు, నాలుగోవైపు గోడే లేకుండా సముద్రం ఉన్న, పెద్ద చావడిలాంటి ఒక బయలు. దాని ముందు రాతి వంతెన ఒకటి నీళ్ళలోకి పోయి, అవతలి గట్టు దొరక్క మనసు మార్చుకున్నట్టు మధ్యలో ఆగింది. జనం దాని చివరిదాకా నడిచి, ఏమీ చేయకుండా వెనక్కొస్తున్నారు. మేమూ అలాగే చేశాం. రెండుసార్లు చేశాం. ఎవరూ ఏమీ అనలేదు.

అక్కడినుంచే ఇంటికి వీడియో కాల్ చేశాను. అది నా పాలిట మొదటి దెబ్బ. మా అమ్మ చూసి, నాన్నని లేపి, నాన్న చూసి, పై అంతస్తు వాళ్ళని పిలిచి, వాళ్ళు చూసి, "ఇటు తిప్పు, అటు తిప్పు" అంటూ గాజువాక నుంచి ఊరంతా చూశారు. ఆఖర్న అమ్మమ్మ తెర మీద కన్ను ఒక్కటే కనిపించేంత దగ్గరగా వచ్చింది. "ఒరే, ఆ నీళ్ళ దగ్గరికి వెళ్ళకు. అది మన సముద్రం కాదు. దాని సంగతి మనకి తెలీదు." నేను నవ్వాను. ఆ నవ్వు మధ్యలో ఫోను ఆరిపోయింది. బావ ఫోను హోటల్ వైఫై ఉంటేనే బతికే రకం.

"పోతే పోయింది" అన్నాను. "దిక్కులు ఉన్నాయిగా."

ఒక కాఫీ కొట్లోకి దూరాం. అక్కడ కాఫీని నిలబడి, చిటికెన వేలంత గాజు గ్లాసులో తాగుతారు. బావ తన గ్లాసుని వెలుతురుకి పెట్టి చూశాడు. "బావా, సేంపిలిచ్చినాడు. కాఫీ ఎప్పుడిత్తాడు?" ఆ ఒక్క గుక్కకి మాత్రం ఇద్దరి కళ్ళూ గుండ్రంగా తెరుచుకున్నాయి. డబ్బులు తీద్దామని నేను స్వెట్టర్ ఎత్తగానే బావ చూపు నా నడుము దగ్గర ఆగింది.

"నీ నడుంకి ఏటది?"

తడుముకున్నాను. గుడ్డ సంచి. నలుగురి పాస్‌పోర్టులు.

"ఒలమ్మో! సారుదీ, భాయ్‌దీ కూడా నీ కాడే ఉన్నాయా? మనం రాకపోతే ఆలు కూడా ఇమానం ఎక్కలేరేటి?"

"రాకపోవడమేంటి? ఐదింటికల్లా ఉంటాం కదా" అన్నాను. అన్నాను గానీ, అప్పట్నుంచి ఆ సంచి నడుము మీద తేలులా కూర్చుంది. వెనక్కి వెళ్ళి ఇచ్చి రావచ్చు. కానీ జాబితాలో కోట మిగిలిపోతుంది. పైగా దిక్కులు తెలిసిన మనిషిని.

కొండెక్కాం. మెట్లు, సందులు, మళ్ళీ మెట్లు. సింహాచలం మెట్లకి ఏమీ తీసిపోవు. బావ ప్రతి మలుపులోనూ కూర్చుని, "నాను ఇక్కడే ఉంటాను, నువ్వెల్లి సూసొచ్చి సెప్పు" అనేవాడు. కోట, దాని పక్కన పాత చర్చి, విరిగిన రాతి స్తంభాలు, వాటి మధ్య ఎండకని వచ్చి ఎండ లేక ముడుచుకున్న పిల్లులు, అన్నీ చూశాం. ఒక అరుగు మీద కూర్చుని బావ బ్యాగులోంచి తీసిన జంతికలు తిన్నాం. (ఆ బ్యాగులో అవి ఉన్నాయని ఆ క్షణందాకా నాకు చెప్పలేదు, అలాంటివి జాబితాల్లో పెట్టకూడదని అతని సిద్ధాంతం.) నాకు ఒళ్ళంతా ఉప్పొంగుతోంది. గాజువాక కుర్రాణ్ణి, చదువు పుణ్యమా అని, ఎవరో రాజులు కట్టిన గోడ మీద కాళ్ళు ఆడిస్తూ జంతికలు తింటున్నాను. ఇంకా సందులు చూడాలి, ఇంకా మలుపులు తిరగాలి! "వచ్చిన దారి కాదు బావా, కొత్త దారిన దిగుదాం" అన్నాను.

అప్పుడే గాలి మొదలైంది.

మామూలు గాలి కాదు. ఆ గాలికి ఊళ్ళో బోరా అని ఒక పేరుందని తర్వాత తెలిసింది, మనం తుపానులకి పెట్టుకున్నట్టు. మొదటి విసురుకే చెత్తడబ్బా ఒకటి బోర్లాపడి మా ముందునుంచి హడావిడిగా ఎక్కడికో వెళ్ళిపోయింది. ఒక స్కూటరు నెమ్మదిగా పక్కకి ఒరిగి పడుకుంది. గోడల వెంట మనుషులు పట్టుకోవడానికి ఇనప కమ్ములు ఎందుకు వేశారో అప్పుడర్థమైంది. బావ ఒక కమ్మిని కౌగిలించుకున్నాడు. "ఏటి బావా ఇది! తుపానుకి ముందు ఫోనుల్లో మెసేజైనా రాదేటి ఈ దేశంలో!"

గాలికి తల వంచుకుని ఏ సందులో దూరామో, ఏ మలుపు తిరిగామో, కాసేపటికి చూస్తే కోటా లేదు, సముద్రమూ లేదు. చుట్టూ మూసిన కిటికీల మేడలు. నేను ఏమాత్రం కంగారుపడలేదు. మన ఊళ్ళో గాలి ఎటునుంచి వస్తుంది? సముద్రం మీంచి. కాబట్టి గాలికి ఎదురెళితే సముద్రం. ఈ సూత్రం బావకి వివరిస్తే, అతను ఎలక్ట్రికల్ వాడు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు. ఎదురెళ్ళాం. గాలిలో ముందుకి వంగి, నేలకేసి చూస్తూ, ఒకరి బ్యాగు ఒకరు పట్టుకుని చాలాసేపు వెళ్ళాం. రోడ్డు ఎక్కుతోంది. ఇంకా ఎక్కుతోంది. సముద్రానికి వెళ్ళే దారి ఇంత ఎత్తెందుకుందని నాకొక చిన్న సందేహం కలిగింది గానీ, దాన్ని అణిచేశాను.

"బావా" అన్నాడు బావ, ఒక మెట్టు మీద కూలబడి. "సేపల వాసన రాట్లేదు. నాను పుట్టిందే సేపల వాసనలో. సముద్రం ఇటు లేదు."

"అయితే ఎవరినైనా అడుగుదాం."

"హోటల్ పేరడుగు."

హోటల్ పేరు ఫోనులో ఉంది. ఫోను చచ్చిపోయి ఉంది. గది తాళాలు హోటల్లో ఉండిపోయినవాళ్ళ దగ్గరే వదిలేశాం. ఏదో పువ్వు పేరని బావా, కాదు రాణీ పేరని నేనూ కాసేపు వాదించుకున్నాం. "పేరెందుకు? పొద్దున ఉత్తరానికి నడిచాం. హోటల్ దక్షిణాన ఉంది. దక్షిణం ఎటో చెబితే చాలు" అన్నాను.

ఆదివారం. రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. చివరికి పొడుగు కోటు, టోపీ ఉన్న ఒక ముసలాయన, టోపీని ఒక చేత్తో, కుక్కని ఇంకో చేత్తో పట్టుకుని గాలికి కొట్టుకొచ్చాడు. "సౌత్?" అన్నాను. ఆయన విన్నాడు. ఎంత మర్యాదస్తుడో! కుక్క గొలుసు బావ చేతికిచ్చి, నా మోచెయ్యి పట్టుకుని, వీధి మూలదాకా నడిపించి, వాళ్ళ భాషలో ఒక ఉపన్యాసమే ఇచ్చి, దూరంగా ఒక రోడ్డు చూపించాడు. మా హోటలే అడిగి ఉంటే నేరుగా తీసుకెళ్ళి దింపేవాడేమో. నేనడిగింది దక్షిణం. ఆయన చూపించింది అచ్చమైన దక్షిణం.

"ఏటంతన్నాడు?" అన్నాడు బావ, కుక్కని తిరిగి ఇస్తూ.

"మనం అనుకున్నదే. ఇటే."

ఆ రోడ్డు పట్టుకుని పోయాం, పోయాం. మేడలు తగ్గాయి. రేకుల షెడ్లు మొదలయ్యాయి. మూసిన షట్టర్లు, గోడలకి ఆనించిన పాత టైర్లు, వరసగా ఆగిన లారీలు, నూనె మరకల నేల, ఆ వెనక ఆకాశంలోకి చేతులెత్తిన పోర్టు క్రేన్లు. ఇద్దరం ఆగిపోయాం. నాకు ఒక్క క్షణం నిజంగానే ఇంటికొచ్చేశామనిపించింది.

"ఆటోనగర్!" అన్నాడు బావ. "ఆదివారం ఆటోనగర్ ఇలాగే ఉంటాది. బావా, పొద్దున్న మనం నడిసిన కాడ ఇలాటిదేటీ లేదు. నువ్వు నన్ను ఇటలీ నుంచి గాజువాక నడిపించీసినావు."

గడియారం చూసుకున్నాను. నాలుగు దాటింది. నడుము మీద సంచి బరువు పెరిగింది. నా తప్పుకి నేను విమానం తప్పిపోతే అది నా ఖర్మ. కానీ పెద్దసారు కూతురి పెళ్ళిచూపులు ఎల్లుండే. ఆ మాట వారమంతా ఆయన ఎవరితో ఫోనులో మాట్లాడినా వినిపించింది. భాయ్‌కి జలుబు. వాళ్ళిద్దరి పాస్‌పోర్టులు ఒక ఆటోనగర్‌లో, ఒక మూర్ఖుడి నడుముకి కట్టి ఉన్నాయి. మొట్టమొదటిసారి నా జాబితాలో తర్వాతి అంశం ఏమిటో నాకు తెలియలేదు.

"ఇంకొంచెం దక్షిణానికి వెళ్తే..." అని మొదలుపెట్టాను.

"నాను రాను." బావ రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. "నా కాళ్ళు పీకేత్తన్నాయి. ఇంక ఎక్కీది లేదు, గాలికి ఎదురెల్లీది లేదు. అదిగో ఆ సందు డౌన్ ఉంది. నాను డౌన్‌కి దిగిపోతాను. ఏటొత్తే అదే వత్తాది."

విశాఖలో ప్రతి రోడ్డుకీ ఎక్కడానికొక అప్పు, దిగడానికొక డౌను ఉంటాయి. దారి చెప్పమంటే మేం వీధి పేర్లు చెప్పం. "ఆ డౌన్‌లో దిగిపో" అంటాం. బావ ఏ సూత్రంతోనూ అనలేదు, వట్టి బద్ధకంతో అన్నాడు. ఇద్దరం దిగాం. ఈసారి గాలి వీపుని తోస్తోంది, బావకి పరుగు దానంతటదే వచ్చేస్తోంది. సందు ఒక మలుపు తిరిగింది. ఆ మలుపులో, ఒక పిట్టగోడ అవతల, పొద్దుటి నుంచి దాక్కున్న సముద్రం మొత్తం ఒక్కసారిగా పరుచుకుంది. గాలి మబ్బుల్ని ఎప్పుడు ఊడ్చేసిందో, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆ సముద్రం మీద, నీటికి జానెడు ఎత్తులో, ఎర్రగా, గుండ్రంగా, సూర్యుడు.

ఉదయం కాదు. సాయంత్రం.

ఇది మా ఊరివాళ్ళకి మాత్రమే అర్థమవుతుంది. మాకు సముద్రంలోంచి సూర్యుడు వస్తాడు. సముద్రంలోకి వెళ్ళడు. వెళ్ళడమనేది కొండల వెనక, ఊరి వెనక, ఎవరూ పట్టించుకోని చోట జరిగే పని. పుట్టి బుద్ధెరిగాక మేమిద్దరం నీళ్ళ మీదకి దిగుతున్న సూర్యుణ్ణి చూడలేదు.

"బావా" అన్నాడు బావ, గొంతు తగ్గించి. "సూర్యుడు రివర్సులో ఎల్తన్నాడు."

ఐదవుతోంది. నలుగురి ప్రయాణం నా నడుముకి వేలాడుతోంది. పరిగెత్తాలి. అయినా ఇద్దరం ఆ పిట్టగోడ పట్టుకుని, నోళ్ళు తెరుచుకుని, ఒక నిండు నిమిషం అలాగే నిలబడిపోయాం. తర్వాత నా బుర్రలో ఊరు మొత్తం, మేడలూ కొండలూ కోటా కుక్కా సహా, గిర్రున సగం చుట్టు తిరిగింది. సముద్రం పడమర! నేను ఉత్తరమన్నది దక్షిణం. దక్షిణమన్నది ఉత్తరం. ముసలాయన పాపం నిజమే చెప్పాడు!

"పొద్దున్న సముద్రం మనకి ఏ చేతివైపు?"

"కుడిసెయ్యి."

"అయితే ఇప్పుడు ఎడం చెయ్యి. పరిగెత్తు!"

దిక్కుల్ని పక్కనపెట్టి చేతుల్ని నమ్ముకున్నాం. పోర్టు గోడ వెంట, రైలు పట్టాల పక్కన, పడవల పక్కన, సముద్రాన్ని ఎడమచేత్తో పట్టుకుని పరిగెత్తాం. నడకంటే పడని బావ నన్ను దాటిపోయాడు. ఒక బస్సు మమ్మల్ని దాటింది. టికెట్ ముందే ఏదో కొట్లో కొనాలట, ఆ కొట్లన్నీ ఆదివారం మూతే. మధ్యలో పొద్దుటి పెద్ద చావడి వచ్చింది, రాతి వంతెన వచ్చింది, దాని చివర జనం ఇంకా ఏమీ చేయకుండా నిలబడి సూర్యుణ్ణి చూస్తున్నారు. వాళ్ళు పొద్దున కూడా దీనికే రిహార్సల్ వేసుకున్నారేమో. కాలవ వచ్చింది. నా పక్కటెముకల్లో సూదులు గుచ్చుతున్నాయి. ఒక చెయ్యి నడుము మీద సంచిని వదల్లేదు.

హోటల్ ముందు వ్యాను ఉంది. దాని పక్కన పెద్దసారు. ఆయన గడ్డం ఎన్నడూ లేనంత ఎత్తులో ఉంది.

"ఎక్కడికి పోయార్రా!" (వారమంతా 'అయ్యా' అని పిలిచిన మనిషి.) "పాస్‌పోర్టుల కోసం మధ్యాహ్నం వెతికితే నీ దగ్గరున్నాయని గుర్తొచ్చింది. మిమ్మల్ని వెతకడానికి భాయ్‌ని ఉత్తరానికి పంపించాను. జలుబు మనిషిని!"

"సార్" అన్నాను రొప్పుతూ. చెప్పాల్సింది క్షమించమని. నోట్లోంచి వచ్చింది వేరు. "సార్, ఇక్కడ సముద్రం పడమర!"

"సముద్రం పడమరేంటయ్యా? మతిగాని పోయిందా?" అంటూనే ఆయన అటు తిరిగారు. సూర్యుడి అంచు ఒక్కటే మిగిలింది. నీళ్ళ మీద ఎర్రటి దారి ఒకటి మా కాళ్ళ దాకా వచ్చింది. పెద్దసారు గడ్డం మెల్లగా దిగి, మామూలు మనుషుల ఎత్తుకి వచ్చింది. "ముప్ఫై ఏళ్ళ నుంచి సముద్రం పక్కనే పని చేస్తున్నాను" అన్నారు, తనలో తనే. "పొద్దు గుంకడం అందులో చూడ్డం ఇదే." డ్రైవరు హారన్ కొట్టేదాకా ఎవరం కదల్లేదు.

అప్పుడొచ్చాడు భాయ్, ముక్కు ఎర్రగా, మఫ్లరు గాలికి జెండాలా ఎగురుతుంటే. "మీరు ఉత్తరం అన్నారు కదా! ఆ చివర లైట్‌హౌస్ దాకా పోయి, ప్రతి బెంచీ చూసొచ్చాను. ఎక్కడున్నార్రా బాబూ?"

మా నలుగురిలో దిక్కులు సరిగ్గా తెలిసిన ఒకే ఒక్క మనిషి, నా మాట నమ్మినందుకు, సరైన ఉత్తరానికి వెళ్ళి, అక్కడ లేని మాకోసం వెతికాడు. వ్యాను కదిలాక నా సూత్రం మొత్తం, కిటికీ, వీపు, పడమర, వరసగా చెప్పాను. భాయ్ శ్రద్ధగా విన్నాడు. మఫ్లరు తీశాడు.

"అరే, మన ఊరి నుంచి మక్కా పడమర. ఇక్కణ్ణుంచి ఆగ్నేయం వైపు. మేం ఊరు మారితే చూసుకుని తిరుగుతాం కదా! నువ్వేమో నన్ను చూసి ఊరినే తిప్పేశావు."

"లెక్క సరిపోయింది, భాయ్."

"నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయేది?"

"అడుగుతాడా!" అన్నాడు బావ వెనక సీట్లోంచి, బూట్లు విప్పి పాదాలు పిసుక్కుంటూ. "ముసలాయన్ని అడిగినాడు, కుక్కని నాకిచ్చి మరీ అడిగినాడు. నిన్ను మాత్రం అడగడు." భాయ్‌కి ముందు తుమ్ము వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ రెండూ విమానాశ్రయం దాకా ఆగలేదు. పెద్దసారు మాత్రం ఒకచోట ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు. "ఇంతకీ ఇప్పుడు మనం ఎటు వెళ్తున్నట్టు?" ముగ్గురం భాయ్ వైపు చూశాం.

విమానం అందింది. పెళ్ళిచూపులూ అందాయి. పాస్‌పోర్టుల బాధ్యత మాత్రం ఆ తర్వాత భాయ్‌కి మారింది. ఇప్పుడు ఉద్యోగం మీద ఎన్నో ఊళ్ళు తిరుగుతున్నాను. విమానం దిగకముందే ఫోనులో నీలం చుక్క వెలుగుతుంది. సముద్రం ఎటో, హోటల్ ఎటో, గాలి ఎటునుంచో అదే చెబుతుంది. దారి తప్పి చాలా కాలమైంది. ఎప్పుడైనా సాయంత్రం మా బీచ్ రోడ్డులో కూర్చుంటే, వెనక ఊళ్ళో ఎక్కడో సూర్యుడు ఎవరికీ చెప్పకుండా దిగిపోతుంటాడు. ఎదురుగా మన సముద్రం, ఉండాల్సిన చోటే ఉంటుంది. అప్పుడు ఆ పిట్టగోడ దగ్గర నిలబడ్డ అప్పటి గాజువాక కుర్రాడు గుర్తొస్తాడు. కాలం మించిపోతోంది, నడుము మీద నలుగురి ప్రయాణం, నమ్ముకున్న లెక్క మొత్తం తలకిందులైంది. వాడు మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. తొందరపెట్టాలని ఉంటుంది. మళ్ళీ, పోనీలే, ఇంకో నిమిషం చూడనీ అనిపిస్తుంది.